మేడ మీద ఎర్ర మరక

ఇది ఒక మహా యుద్ధ కథ. ఇందులో ఫిరంగులు మోగుతాయి, క్షిపణులు పడతాయి, ట్యాంకులు ఇసుకను చీల్చుకుంటూ వస్తాయి. రెండు దేశాలు ఒకదాన్నొకటి మట్టిలో కలిపేస్తామని పొద్దున లేచిన దగ్గర్నుంచి ప్రకటిస్తూ ఉంటాయి. ఆకాశం నుంచి ఒక కన్ను అదంతా చూస్తూ ఉంటుంది. ఆ కంటి వెనకాల, ప్రాణాలకు తెగించి, నిద్రాహారాలు మాని, ఒక యువకుడు కూర్చొని ఉంటాడు.

ఇట్లా మొదలుపెడితే చదువుతారని రాశాను. ఆ యువకుణ్ని నేనే. ప్రాణాలకు తెగించిందేమీ లేదు. నా కుర్చీకి ఒక కాలు పొట్టి, దాని కింద అట్టముక్క పెట్టుకున్నాను, నా ఉద్యోగంలో అంతకు మించిన ప్రమాదం లేదు. నిద్రాహారాలు కూడా మానలేదు, మా అవ్వ మాననివ్వదు. మా వైపు అవ్వ అంటే అమ్మ. నేనుండేది జనగామలో, రైలు పట్టాలకు దగ్గర, మా ఇంటి మేడ మీది గదిలో. ఫిరంగుల మోత ఇక్కడికి రాదు. గూడ్సు బండి మోత వస్తుంది, ముహూర్తాలుంటే పెండ్లి బ్యాండు కూడా వస్తుంది.

పని ఇది. ఎక్కడ యుద్ధం జరుగుతుంటే అక్కడి వార్తలు, సిపాయిలు తీసిన వీడియోలు, రెండు పక్షాల ప్రకటనలు ఒక పక్కన పెట్టుకోవాలి. ఇంకో పక్కన ఉపగ్రహం తీసిన ఫొటోలు పెట్టుకోవాలి. 'ఫలానా వంతెనను కూల్చేశాం' అని ఒకడంటాడు. 'వంతెన నిక్షేపంగా ఉంది' అని ఇంకొకడంటాడు. మేము ఫొటో తెరిచి, వంతెన ఉందో లేదో చూసి, మ్యాపులో చుక్క పెడతాం. చాలాసార్లు అక్కడ మబ్బు ఉంటుంది. యుద్ధాల్లో ఎవరు గెలుస్తారో నాకు తెలియదు గానీ, నా ఉద్యోగంలో ఎక్కువసార్లు గెలిచేది మబ్బే.

మేము వాడే మాటలు మూడే. 'ఖాయం', 'కావచ్చు', 'తెలియదు'. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు దొరికితేనే ఖాయం. ఈ అలవాటు ఇంట్లోకి కూడా పాకింది.

"అన్నం తిన్నవారా?" అని అవ్వ అడుగుతుంది.

"కావచ్చు."

"కంచం కడిగి పెట్టి ఉన్నది గదా."

"ఒక్క ఆధారం చాలదవ్వా."

తర్వాత నా వీపు మీద పడేది రెండో ఆధారం.

మా బాపు మార్కెట్ యార్డులో కాంటా పెట్టి బస్తాలు తూస్తాడు. కొడుకు ఏం చేస్తాడని అక్కడెవరైనా అడిగితే, "మావోడు మిలిట్రీల చేస్తుండు, ఇంటికాన్నుంచే" అని చెప్పుకుంటాడు. దాంతో పత్తి బస్తాల మీద కూర్చున్న రైతులు నన్ను చూడగానే యుద్ధం ఎప్పుడు ఆగుతుందని అడుగుతారు, నేను ఆపకుండా కూర్చున్నట్టు. ఇంకొకాయన తన లారీ ఏ టోలుగేటు దగ్గర ఉందో చూసి చెప్పమన్నాడు. ఉపగ్రహం అట్లా లారీ వెంట తిరగదని చెప్తే, "మరి గంత పైకి ఎందుకు పంపిండ్రు?" అని బాధపడ్డాడు.

నిజానికి మా జిల్లా కూడా పైనుంచి చూస్తే తక్కువ భయంకరంగా ఉండదు. నేల మీది వేడిని పట్టుకొని ఎర్ర చుక్కలుగా చూపించే మ్యాపు ఒకటి ఉంది, యుద్ధరంగాల్లో మంటలు చూడటానికి వాడతాం. వరికోతలైనంక ఒకసారి, పక్క రాష్ట్రం నుంచి పనిచేసే మా సహోద్యోగి కంగారుగా మెసేజి పెట్టాడు, మీ జనగామ చుట్టూ ఏదైనా జరుగుతోందా, నువ్వు క్షేమమేనా అని. కొయ్యకాళ్లు తగలబెడుతున్నారు, పొగకు దగ్గు తప్ప ప్రాణనష్టం లేదని రాశాను.

ఇక భూపాలపల్లి సంగతి చెప్పకపోతే మా బావ ఊరుకోడు. మా తోబుట్టువును చేసుకున్న ఆయన అక్కడి బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, హైదరాబాదు నుంచి మా పనంతా చూసే సీనియర్ మేడం పరీక్షగా ఒక ఫొటో పంపింది, ఎక్కడిదో చెప్పకుండా. నేను దాన్ని నమిలి నమిలి ఇట్లా రాశాను: 'భారీ బాంబు దాడి. మెట్లు మెట్లుగా తవ్విన కందకాలు. ఒక పెద్ద ట్యాంకుల దళం. చుట్టుపక్కల నివాసాలు ఖాళీ.' అది మా బావ గని. ట్యాంకుల్లో ఒకటి ఆయన నడుపుతున్నది.

"నా బండిని ట్యాంకును చేసినవ్ గదర బామ్మర్దీ," అన్నాడు ఫోన్లో. "ఊరు ఖాళీ అయిందా? మీ అక్క ఇంట్లనే ఉండి నన్ను తిడుతున్నది, గది పైనుంచి ఇనవడలేదా?"

ఆ రోజు నుంచి నేను తొందరపడి ఏదీ ఖాయమనలేదు. ఈ జాగ్రత్త వల్ల మా ఇంట్లో ఒక మనిషికి రెండు రోజులు అన్నం సహించలేదు. అసలు చెప్పదలచింది ఆ రెండు రోజుల గురించే.

మా కింది గదిలో ఒక అక్క అద్దెకుంటుంది. నర్సింహులపేట దగ్గరి తండా నుంచి వచ్చింది. పత్తి సీజన్లో ఇక్కడి మిల్లులో పనిచేస్తుంది. ఆమె భర్త సెంట్రింగు పని కోసం ఎడారి దేశానికి పోయాడు. రోజూ పొద్దుగూకే వేళ వీడియో కాల్లో మాట్లాడుకుంటారు, తండా భాషలో. నాకు ఒక్క ముక్క అర్థం కాదు గానీ, ఎప్పుడు మురిపెమో ఎప్పుడు తిట్లో మెట్ల మీద నుంచి గుర్తుపట్టగలను. ఖాయం అనగలిగినంత తేడా ఉంటుంది.

ఆ దేశం ఎవరితోనూ యుద్ధంలో లేదు. పక్క రెండు దేశాలు కొట్టుకుంటుంటే, ఒకరి మీదికి పోవలసిన క్షిపణి దారి తప్పి దీని మీద పడింది. పడింది కూడా ఆయన ఉండే పేటలోనే.

ఆ పొద్దున అక్క మిల్లుకు పోలేదు. మెట్లెక్కి వచ్చి నా గది గుమ్మం పట్టుకొని నిలబడింది.

"తమ్మీ, జర నీ కంప్యూటర్ల చూడు. మా ఆయన ఫోను కలుస్తలేదు."

"ఎప్పటిసంది అక్కా?"

"నిన్న మాపటిసంది. టీవీల వాళ్లుండే జాగనే చూపెడ్తుండ్రు. అంత మంటనే."

కిందికి పోయి టీవీ చూశాను. వెనక డప్పులు, ముందు మంట, మధ్యలో ఒకాయన సొంత ఇల్లు కాలుతున్నట్టు అరుస్తున్నాడు. ఆ మంట నాకు పాత పరిచయం. వేరే దేశంలో ఎప్పుడో కాలిన చమురు గోదాము అది, దానికి చుక్క పెట్టింది నేనే.

"అక్కా, ఈ మంట పాతది. ఈ ఊరిది కూడా కాదు."

"మరి ఆ ఊరి మంట ఏది?"

మళ్లీ మేడెక్కాం. వెనకాలే అవ్వ, బాపు.

మొదట ఆయన ఉండే మేడ ఎక్కడుందో తెలియాలి. అక్కకు పేట పేరు తెలుసు, అంతే. ఆయన పంపిన వీడియోలు ఉన్నాయా అని అడిగితే ఫోనంతా అవే. మేడ మీద కూర్చొని రొట్టెలు చేస్తున్నది ఒకటి, తోటి పనివాళ్లతో పాట పాడుతున్నది ఒకటి, చొక్కా ఆరేసి అది తన కొత్త చొక్కా అని చూపిస్తున్నది ఒకటి. నేను ఆయనను వదిలేసి వెనకాల చూడటం మొదలుపెట్టాను. ఆకుపచ్చ గుమ్మటం, జంట నీళ్ల ట్యాంకులు, సగం లేచిన బిల్డింగు, దాని మీద క్రేను, గోడ నీడ ఏ వైపు పడుతోంది.

"ఆయనను చూడవైతివి, నీళ్ల ట్యాంకునే చూడవడ్తివి," అంది అక్క నొచ్చుకుంటూ.

"ఆయన పైనుంచి కనవడడక్కా. ట్యాంకు కనవడ్తది."

గుమ్మటానికి, జంట ట్యాంకులకు, క్రేనుకు మధ్య లెక్క కుదిరిన మేడ ఆ పేట మొత్తంలో ఒక్కటే ఉంది. పాత ఫొటోలో దాని కప్పు బూడిదరంగులో, ఖాళీగా ఉంది. క్షిపణి పడ్డ తర్వాతి ఫొటో కావాలంటే కొనాలి. మేడంకు ఫోన్ చేశాను.

"ఆ ఏరియా ఎట్లాగూ మన పనిలోనే ఉంది," అంది మేడం. "రేపు పొద్దున కొత్త ఫొటో వస్తుంది, పంపిస్తా. కానీ ఆ మేడ మీద చుక్క పెట్టకు. మనుషులు పడుకునే చోటు మనం మ్యాపులో పెట్టం, తెలుసు కదా."

ఆ సాయంత్రం వీడియో కాల్ వేళకు కింది గదిలో చప్పుడు లేదు. అవ్వ పప్పు, అన్నం పట్టుకుపోయింది, అట్లాగే తిరిగి పట్టుకొచ్చింది. భర్తను పంపించిన ఏజెంటు ఫోనెత్తడం లేదట. ఆ ఊరిలోనే వేరే చోట ఉన్న తండా మనిషి ఎత్తాడు గానీ, వాళ్ల పేటకు కరెంటు, టవరు రెండూ పోయాయని, అటు పోనివ్వడం లేదని చెప్పాడట. అవ్వ చిల్పూరు గుట్ట మీది దేవుడికి మొక్కుకుంది. నేను ఒక ఆధారం కోసం చూస్తుంటే ఆమె నేరుగా పైవాడికే దరఖాస్తు పెట్టింది. మబ్బు లేకుండా చూడమని కూడా ఒక మాట అనమన్నాను.

మర్నాడు మబ్బు లేదు. ఆ క్రెడిట్ గుట్టదే.

ఫొటో తెరుచుకుంటుంటే నా వెనక ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. మా నెట్టు స్పీడుకు అంతసేపు ఊపిరి బిగబట్టడం ఆరోగ్యానికి మంచిది కాదు. ముందు గుమ్మటం వచ్చింది. తర్వాత పక్క గల్లీ. అక్కడ ఒక గోదాము కప్పు లోపలికి కూలి, చుట్టూ నేల నల్లగా మాడి ఉంది. తర్వాత జంట ట్యాంకులు, వాటి పక్కన మేడ. మేడ నిలబడే ఉంది. కానీ దాని కప్పు మీద, ఒక పక్కన, ఇంతకుముందు లేని పెద్ద ఎర్ర మరక.

మేడంకు చూపిద్దామని ఫోన్ కలిపాను. రెండు చేతులూ కీబోర్డు మీద ఉన్నాయని స్పీకర్ పెట్టాను. పెట్టకుండా ఉండవలసింది.

"ఎర్రది టార్పాలిన్ అయ్యుంటుంది," అంది మేడం. "కప్పు పగిలితే పైన అట్లాగే కప్పుతారు. ఇంతకుముందు వేరే ఊళ్లలో చూశాం కదా."

ఫోన్ తీసి స్పీకర్ ఆపాను గానీ, మాట అప్పటికే చేరవలసిన చోటికి చేరింది.

"ఏంది పగిలింది?" అంది అక్క.

"పగిలిందని కాదక్కా. ఆమె అనుకుంటున్నది..."

అక్క నన్ను జరిపి, తెర మీదికి వంగింది. ఆ ఎర్ర మరకను ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. తర్వాత నిటారుగా నిలబడి తేల్చేసింది.

"అది మిర్చి."

"మిర్చేంది?"

"మా చేన్ల మిర్చి. ఆయన పోతుంటే సంచి కట్టి ఇచ్చిన. జర పచ్చి ఉండె. బూజు పడ్తది, ఎండకు పొయ్యమని చెప్పిన. ఇగో, పోసిండు."

నాకు నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. ఆమె చెప్పింది పూర్తిగా కొట్టిపారేసేది కూడా కాదు. అక్క వాళ్ల మానుకోట జిల్లాను ఎండాకాలం మొదట్లో పైనుంచి చూసినవాళ్లకు తెలుస్తుంది, ప్రతి తండా పక్కనా, ప్రతి కల్లంలోనూ ఎవరో కుంకుమ డబ్బా ఒంపినట్టు ఎర్రటి ముక్కలు ఉంటాయి. అక్క అడిగింది కాబట్టి నర్సింహులపేట వైపు పాత ఫొటో ఒకటి తెరిచి, ఆమె సొంత కల్లాన్ని పక్కన పెట్టాను. ఇటు మా మిర్చి, అటు ఎడారి మరక. ఏ యుద్ధ నిపుణుడూ ఇట్లాంటి పోలిక చేసి ఉండడు.

"సూడు, ఒక్కటే ఎరుపు," అంది అక్క.

"ఒక్కటే లేదక్కా. మనది ముదురుగా ఉంది. అది పెండ్లి పందిరి లెక్కన మెరుస్తున్నది. పైగా కొలిచి చూసిన, మన ఇంటి వాకిలంత ఉంది. ఒక్క సంచికి అంత ఎట్లయితది?"

"పల్చగ పోసుంటడు."

ఇప్పటిదాకా నోరెత్తని మా బాపు, కాంటా మనిషి, ఇక్కడ ఆగలేకపోయాడు. "ఎంత పల్చగ పోసినా సంచి సంచేనమ్మా. గది ట్రాక్టరు లోడు."

"నువ్వుండయ్యా," అంది అవ్వ. "మిర్చి అంటే మిర్చే. నీదేం పోయింది?"

అక్క నా వైపు తిరిగింది. "తమ్మీ, నువ్వు చెప్పు. మంచిగున్నడా?"

"తెలియదక్కా."

"తెల్వదంటే మంచికా, చెడుకా?"

"తెలియదంటే తెలియదు, అంతే."

ఆ మాట అంటుంటే నాకే అది చాలా పనికిమాలిన మాటలా వినపడింది. ఆమె తల ఊపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, మెట్లు దిగి పోయింది.

"ఖాయమని చెప్తే నీదేం పోతుండెరా?" అంది అవ్వ, గది తలుపు దగ్గర.

"చెప్తే నాదేం పోదవ్వా. అబద్ధమైతే ఆమెది పోతది."

అవ్వ అక్క వెనకే మెట్లు దిగి పోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఆ మరకను పెద్దది చేసి, చిన్నది చేసి, తలకిందులు చేసి చూశాను. మా బావ ఫోన్ చేసి, సంగతి విని, "టార్పాలినో, మిర్చో, గింత పెద్ద చదువు చదివి గది గూడ చెప్పలేవా?" అన్నాడు. చెప్పలేను. పైనుంచి తీసిన ఫొటో రంగు చెప్తుంది, కొలత చెప్తుంది, కారణం చెప్పదు.

మరుసటి రోజు ఫొటో వేరే ఉపగ్రహానిది. మొదటిది పొద్దున తీసినది, ఇది మధ్యాహ్నం దాటాక తీసినది. అంటే నీళ్ల ట్యాంకుల నీడ ఈసారి కప్పుకు రెండో వైపు పడాలి. పడింది. నిన్న ఎర్ర మరక ఉన్న చోట ఇప్పుడు నీడ ఉంది. మరక అక్కడ లేదు. కప్పుకు ఇంకో చివర, ఎండ పడే చోట ఉంది.

నేను లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడిపోయింది. పొట్టికాలి కుర్చీ కాబట్టి దానికి పెద్ద కారణం అక్కర్లేదు. మేడంకు రెండు ఫొటోలూ పంపి, ఒక్క వాక్యం రాశాను: 'పగులు నడవదు.' ఆమె జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగాను.

అక్క గుమ్మంలో కూర్చొని ఫోను ఒళ్లో పెట్టుకొని ఉంది. పక్కన అవ్వ.

"అక్కా, అది టార్పాలిన్ కాదు. కప్పు పగలలేదు. ఎవరో దాన్ని ఇటుకెల్లి అటు జరిపిండ్రు. ఎండ ఎటు పోతే అటు."

"ఎవరు?"

"అది తెలియదు."

"మళ్ల తెల్వదంటివి."

"ఎవరో తెలియదు గానీ, ఆ మేడ మీద మనుషులున్నరు. తీరుబడిగా ఉన్నరు. ఇల్లు కూలినోళ్లు ఎండ కోసం తిరగరు గదా."

అక్క ఒక్క క్షణం ఆలోచించింది. "గట్లయితే మిర్చే. ఎండకు జరిపిండు."

"కావచ్చు," అన్నాను.

మా ఇంట్లో 'కావచ్చు' అనే మాటకు అంత విలువ అంతకుముందు ఎప్పుడూ లేదు. ఆ ఒక్క మాట మీద అక్క సగం రొట్టె తిన్నది. మిగతా సగం ఖాయమైనంక తింటానన్నట్టు పక్కన పెట్టింది.

పొద్దుగూకే వేళ ఫోను మోగింది. అక్క తొందరలో పచ్చ గుర్తు మీద కాకుండా చుట్టుపక్కలంతా నొక్కింది. అవ్వ లాక్కొని నొక్కింది. అటునుంచి ఆయన గొంతు. ఇటునుంచి అక్క ముందు ఏడ్చింది, తర్వాత ఊపిరి తీసుకొని మొదలుపెట్టింది. తండా భాషే. అవి తిట్లని నాకు సందేహం లేదు. మేము ముగ్గురం ఆ భాష రానివాళ్లం, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు నిలబడ్డాం.

"ఏమంటుండు? ఏమంటుండమ్మా?" అని అవ్వ మధ్యలో గుచ్చుతూనే ఉంది.

"మంచిగున్నడంట," అంది అక్క కళ్లు తుడుచుకొని. "పక్క గల్లీల పడ్డదంట. కరెంటు లేదు, టవరు లేదు. ఫోను సచ్చిపోయిందంట. పొద్దుగాల కరెంటచ్చింది, ఇప్పుడే టవరచ్చిందంట. మేమేం జేయాలె అని నన్నే అంటుండు, సూడుండ్రి!"

బాపు కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ చిల్పూరు వైపు అనుకున్న దిక్కుకు దండం పెట్టింది. అది హైదరాబాదు వైపు, కానీ ఎవరూ దిద్దలేదు.

"అక్కా," అన్నాను, "ఆ మేడ మీద ఎర్రది ఏందో అడుగు."

అడిగింది. అటునుంచి చాలాసేపు జవాబు వచ్చింది. అక్క ముఖం మొదట అర్థం కానట్టు, తర్వాత నమ్మలేనట్టు, చివరికి నవ్వు ఆపుకోలేనట్టు మారింది.

"ఏందంట?"

"నల్లులంట."

"నల్లులా?"

సంగతి అది. కంపెనీవాళ్లు పనివాళ్లందరికీ ఒకే రకం ఎర్ర దుప్పట్లు ఇచ్చారు. గదుల నిండా మనుషులు, మనుషుల నిండా నల్లులు. రోజూ పనికి పోతే వాటి సంగతి చూసే తీరిక దొరకదు. పక్క గల్లీలో క్షిపణి పడేసరికి పని బంద్ అయింది, బయటికి పోనివ్వలేదు, కరెంటు లేక ఫోన్లు కూడా లేవు. ఇంకేం చేయాలో తోచక అందరూ దుప్పట్లు మేడ మీద పరిచి, ఎండ జరిగిన కొద్దీ జరుపుతూ కూర్చున్నారు. యుద్ధం వాళ్లకిచ్చిన సెలవును అట్లా వాడుకున్నారు.

"మరి మిర్చి?" అని అవ్వ అడిగించింది.

"మిర్చి పోయిన నెలనే అయిపోయిందంట," అంది అక్క, ఇప్పుడు నిజంగా కోపంగా. "అందరికి పంచిపెట్టిండంట పుణ్యాత్ముడు."

మేడంకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఎప్పటిలాగే అడిగింది, "రెండో ఆధారం?"

"ఒకటి ఫొటో. రెండోది ఆ నల్లులు కుట్టిన మనిషి."

"సరే, బయటికి పోని మన కాపీలో రాసి పెట్టు."

రాశాను: 'గోదాము: పూర్తిగా దెబ్బతిన్నది. పక్క నివాసం: చెక్కుచెదరలేదు. కప్పు మీద ఎర్రటి వస్తువు: నల్లులు పట్టిన దుప్పట్లు. ఖాయం.'

కింద ఫోను ఇంకా అయిపోలేదు. అక్క మిగతా సగం రొట్టె తింటూ మాట్లాడుతోంది. అవ్వ ఆమె చేతిలోంచి ఫోను తీసుకొని, అటువైపు ఆయనకు తెలుగు ఎంత వినపడుతుందోనని గట్టిగా చెప్పింది: "బిడ్డా, ఉత్త ఎండకు సావయి అయి. ఎండ తగిలితే సందులల్లకు పోయి, మాపటికి మళ్ల వస్తయి."

అవ్వ చెప్పింది నిజమే. నల్లులు పోవాలంటే దుప్పట్లను బాగా కాగిన నీళ్లలో నానబెట్టి ఉతకాలి, మంచం సందుల్లో కూడా ఆ నీళ్లే పోయాలి.